కంట్రోల్ స్లైడు మీద పసుపు

రాప్తాడు దగ్గరి టీబీ ఆసుపత్రిలో, చీకటి గదిలో ఉండే మైక్రోస్కోపును రోజూ పనికి సిద్ధం చేసేది ఆయా కదిరమ్మ. చదివింది రెండో తరగతి, మాట మాత్రం కలెక్టరుది. పొద్దున్నే దాని నీలి దీపం వేసి, అది కాగేదాకా అరగంట ఆగి, పచ్చగాజు కంట్రోల్ స్లైడు పెట్టేది. టెక్నీషియన్ సుదర్శన్ వచ్చి చూసేవాడు. గాజంతా ఒకే తీరుగా మెరిస్తే మిషను బాగున్నట్టు. లేకుంటే ఆ రోజు రోగుల కఫం చూడకూడదు.

ఆ ఏడు ఆయుధపూజకు నర్సు వనజాక్షి జీపుకు, కత్తెరలకు, ఆఖరికి నీళ్ల మోటారుకు కూడా బొట్లు పెట్టింది. చీకటి గదిని మరిచింది. అందరూ బొరుగులు తింటుంటే కదిరమ్మ లోపలికి పోయి చూసింది. మిషను బోసి నొసటితో ఉంది. భర్త సుంకప్ప పోయినప్పటి నుంచి, పదకొండేళ్లుగా, తన నొసలూ అంతే. పేరంటంలో పసుపు పళ్లెం ఆమె దాకా వచ్చి పక్కకు తిరిగిపోయేది. కూరలో వేసే పసుపు వేరు, వేలితో అద్ది పెట్టే పసుపు వేరు. ఆ రెండోదానికి ఆమె వేలు ఎంత మొహం వాచిందో అడిగిన పుణ్యాత్మురాలు లేదు.

చిటికెడు తెచ్చి, తడిపి, మిషనుకు బొట్టు పెట్టింది. ఆ వేలితోనే స్లైడునూ తాకింది. కాసేపు చూసుకుని, ఎవరైనా వస్తారని మిషను బొట్టు తుడిచేసింది. స్లైడు సంగతి తోచలేదు.

మర్నాడు సుదర్శన్ చూస్తే గాజు నడుమ ఒక మచ్చ భగ్గుమంటోంది. దీపం సర్దాడు, పోలేదు. స్లైడు జరిపితే మచ్చా జరిగింది. పొడి కాగితంతో అద్దినా అంతే. గాజులోనే రంగు చెడిందనీ, కొత్తది బెంగళూరు నుంచి వచ్చేదాకా నెలరోజులు గదికి తాళమేననీ తేల్చేశాడు. బయట వరండాలో ముదిగుబ్బ నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లు ఇరవైమంది దగ్గుతున్నారు.

నిన్న ఆ గాజును తాకిన వేలు కదిరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే పరువు మిగులుతుంది. కానీ సుంకప్ప కూడా ఇట్లాంటి వరండాలోనే దగ్గి దగ్గి పోయాడు.

"గాజు బాగానే ఉండాదప్పా. అది పసుపు. నేనే పెట్టినా."

"నువ్వా? వనజాక్షక్క కదా పెట్టేది."

"ఆయమ్మకు మీ మిషను కనపడలేదు. నాకు కనపడింది. ముండమోసింది పెట్టకూడదని దాని మీద యాడన్నా రాసుండాదా? స్పిరిట్‌తో తుడిస్తే పోతాది."

ఆ నీలి వెలుగులో పసుపు మెరుస్తుందని సుదర్శన్‌కు అప్పుడు తట్టింది. స్టూలు మీంచి లేచాడు.

"తుడిచే ముందర నువ్వొకసారి చూడక్కా."

ఆరేళ్లుగా ఆ స్టూలు తుడిచిందే గానీ కూర్చోలేదు. కన్ను ఆనించింది. దుక్కి చాళ్లలా నాలుగైదు గీతలు, బంగారు రంగులో. తన వేలి గీతలే. పసుపుతో.

తల ఎత్తలేదు. బయట దగ్గు వినపడుతూనే ఉంది. తుడిచేయనా అని సుదర్శన్ మెల్లగా అడిగాడు.

"పెట్టింది నేను. నేనే తుడుస్తా."

స్పిరిట్ దూదితో ఒత్తి తుడిచింది. అతను మళ్లీ చూసి, గాజంతా ఒకే తీరుగా ఉందని పుస్తకంలో రాసుకుని, మొదటి మనిషిని పిలవమన్నాడు. కదిరమ్మ కదలలేదు. చేతిలోని దూది పచ్చబడి ఉంది. దాన్ని బకెట్‌లో వేయడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.