జున్ను కారెక్కని సాయంత్రం

హారికా, బన్నీ, ఈ వాయిస్ మెసేజ్ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వినండి. కంగారేమీ లేదు. అయిపోయిన సంగతే. అయినా ఒక్కసారి చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది.

దెయ్యాలున్నాయంటే నమ్మే మనిషిని కాదు నేను. బాపట్ల దగ్గర పుట్టి, పెళ్ళయ్యాక మీ తాతయ్య ఉద్యోగం కోసం ఈ పటాన్‌చెరు వైపు వచ్చాను. అప్పట్లో క్వార్టర్స్ చుట్టూ తుప్పలే. తాతయ్య నైట్ షిఫ్ట్‌కి వెళ్తే మీ అమ్మని పక్కలో వేసుకుని ఒక్కదాన్నే పడుకునేదాన్ని. పక్కింటావిడ వచ్చి ఎవరో మూలుగుతున్నారంటే, పైపులో గాలమ్మా, పోయి పడుకో అనేదాన్ని. ఇప్పుడైనా అదే అంటాను. ఒక్క ఆ చెరువు దగ్గర జరిగినదానికే నా దగ్గర జవాబు లేదు.

మొన్న హారిక ఫోన్ చేసి, కుక్కపిల్లని తెచ్చుకున్నామని, సెలవుల్లో దాన్ని కూడా తీసుకొచ్చి జున్నుతో ఫోటో దిగిన చెరువుకి వెళ్దామని అంది. ఆ ఫోటోలో నీకు నాలుగేళ్ళు కూడా లేవు తల్లీ. బన్నీ ఇంకా పుట్టలేదు. మీ నాన్నకి జంషెడ్‌పూర్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చి, అక్కడ ఇల్లు కుదిరేదాకా నువ్వు మా దగ్గరే ఉన్నావు.

జున్ను మా కుక్క. లేత పసుపు రంగులో ఉండేది, అందుకే ఆ పేరు. తాతయ్య రిటైరయ్యాక చిన్న కారు కొన్నారు. అప్పట్నుంచి జున్ను లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. సూర్యలంక బీచ్‌లో అలలు వెనక్కి పోతుంటే తరుముకుంటూ వెళ్ళేది, అవి తిరిగొస్తుంటే నా చీరలో దూరేది. అనంతగిరి కొండ దారిలో మాకంటే ముందు ఎక్కి, మలుపు దగ్గర కూర్చుని మేము వచ్చేదాకా చూసేది. వెనక సీటు మీద పాత దుప్పటి, నీళ్ళకి ఒక స్టీలు గిన్నె, కాళ్ళు తుడవడానికి ఒక గుడ్డ, ఇవెప్పుడూ కారులో ఉండేవి.

తాతయ్యకి ఇంకో అలవాటు ఉండేది. రిటైరయ్యాక ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ పని కొన్నాళ్ళు చూశారు. అలాంటి చోట గ్యాస్ సైరన్ మోగితే అందరూ పరిగెత్తి గేటు బయట ఒక చోట నిలబడాలి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. మనిషి కనపడినా సరే, నోటితో పలికితేనే ఉన్నట్టు లెక్క. ఆ అలవాటు ఇంటిదాకా తెచ్చుకున్నారు. కారు కదిలే ముందు అద్దాలన్నీ ఎక్కించి, ముందుకే చూస్తూ పిలిచేవారు. భారతీ అంటే నేను ఉన్నా అనాలి. హారికా అంటే నువ్వు ఉన్నా తాతై అనేదానివి, తాతయ్యా అనడం నీకు రాక. జున్నూ అంటే అది ఒక్కసారి మొరిగేది. అప్పుడు గేరు వేసేవారు.

ముత్తంగి దగ్గర మేము టీకి ఆగే చోట యాదయ్య అని ఉండేవాడు. ఇదంతా చూసి నవ్వేవాడు.

"ఏంది సార్, కుక్కకు గూడ హాజరీ ఏస్తుండ్రా? రానినాడు దానికి జీతం కోస్తరా ఏంది?"

"దానికున్న బుద్ధి నీకుంటే టీలో నీళ్ళు తగ్గేవి యాదయ్యా," అనేవారు తాతయ్య.

ఆ రోజు కూడా అక్కడ టీ తాగే వెళ్ళాం. హైవే దిగి, గోడౌన్లు దాటి లోపలికి పోతే ఆ చెరువు వస్తుంది. అంతకు ముందు చాలాసార్లు వెళ్ళాం. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే కాస్త మందుల వాసన వచ్చేది. అది తప్ప ప్రశాంతంగా ఉండేది. కట్ట కింద చెట్ల నీడన కారు పెట్టుకుని, కట్ట మీద దుప్పటి వేసుకుని కూర్చునేవాళ్ళం.

జున్నుకి నీళ్ళంటే ప్రాణం. ఎక్కడ నీళ్ళు కనపడ్డా ముందు దూకేది. ఆ రోజు మాత్రం దిగలేదు. నువ్వు ఆడుకుంటుంటే నీకూ నీళ్ళకీ మధ్యలో నిలబడింది. నువ్వు పక్కకి జరిగితే అదీ జరిగింది. వంట్లో బాగాలేదేమో, దారిలో ఏదైనా తిందేమో అనుకున్నాం.

మబ్బు పట్టి వెలుగు తొందరగా తగ్గింది. నీ గౌను తడిసిందని టవలు చుట్టి, మెడ దగ్గర పిన్నీసు పెట్టి, నిన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాను. దోమలని తలుపు వేశాను. తర్వాత కట్ట మీదకి వెళ్ళి దుప్పటి దులిపి, గిన్నెలు సర్దుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాను. తాతయ్య జున్నుని తెచ్చారు. అది కారెక్కనంది. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి కట్ట వైపే చూస్తోంది. ఆయన విసుక్కుని, సీటు వైపు సరిగా చూడకుండానే దాన్ని ఎత్తి లోపల పెట్టి తలుపు వేశారు.

అద్దాలు ఎక్కించారు. ఎప్పటిలాగే పిలిచారు.

"భారతీ?"

"ఉన్నా."

"హారికా?"

"ఉన్నా తాతై."

"జున్నూ?"

జున్ను మొరగలేదు. గొంతులోనే గుర్రుమంది. దీనికి ఈ రోజు పొగరెక్కువైంది అంటూ ఆయన కారు తీశారు.

దారంతా అది గుర్రుమంటూనే ఉంది. సీటు మీద కూర్చోకుండా, కింద కాళ్ళు పెట్టుకునే చోట తలుపుకి ఆనుకుని నక్కింది. చలేస్తోందా హారికా అని ఒకసారి అడిగాను. జవాబు రాలేదు. నిద్రపోయావనుకున్నాను.

మెయిన్ రోడ్డు ఎక్కే మలుపులో ముందు లారీ ఉంటే ఆగాం. అప్పుడు జున్ను రెండు సీట్ల మధ్య నుంచి దూకి, స్టీరింగ్ మీదున్న తాతయ్య చేతిని చొక్కాతో సహా కరిచి పట్టుకుంది. అది పుట్టాక ఎవర్నీ కరవలేదు. దాన్ని లాగుదామని వెనక్కి తిరిగాను.

సీటు మీద టవలు ఉంది. పిన్నీసు పెట్టింది పెట్టినట్టే ఉంది. లోపల నువ్వు లేవు.

ఆయన కారు ఎలా తిప్పారో నాకు తెలియదు. వెనక్కి చూడాలంటే నాకు భయం వేసింది. జున్ను నా ఒళ్ళో వణుకుతూ కూర్చుంది.

చెరువు దగ్గరికి వచ్చేసరికి కట్ట మీద బర్రెలు కాసే ఒకామె నీ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నీ గౌను నడుం దాకా తడిసి ఉంది. నేను పరిగెత్తుకెళ్ళి నిన్ను ఎత్తుకున్నాను. ఆమె కోపంగా ఉంది. కోపం ఉండదూ మరి.

"మీ పిల్లనేనా ఇది? గిట్ల ఇడిసిపెట్టి పోతరా అమ్మా ఎవరన్న? బర్రెను మలుపుకపోదామని ఒచ్చిన. సూస్తే నీళ్ళల్ల నిలవడ్డది. ఏడుస్తలేదు, పిలుస్తలేదు. మట్టి తోడుకపోయిన గుంత ఉన్నది ఆడ. ఇంకొక్క అడుగేస్తె నాకు దొర్కకపోవు."

తాతయ్య కట్ట మీదే కూలబడ్డారు. పిలిస్తే ఉన్నానంది, నేను విన్నాను అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. ఆమెకి అర్థం కాలేదు. కారెక్కాక పేరు పెట్టి పిలుస్తామని, పిలిస్తే పలికిందని నేను చెప్పాను. ఆమె ముఖంలో కోపం పోయింది.

"ఈడ పేరు వెట్టి పిలిసిండ్రా? గీ యాళ్ళప్పుడు?"

"పిలిచాం. ఎప్పుడూ పిలుస్తాం."

"పొద్దుగూకేటప్పుడు చెరువు కాడ మేము పిల్లలను పేరు వెట్టి పిలువం అమ్మా. పోదాం పా అంటం, రెక్క వట్టుకుంటం. పేరు వెడితె ఎవరు వలుకుతరో ఏమెర్క?"

నువ్వు నా భుజం మీద తల పెట్టుకుని ఉన్నావు. ఏడవలేదు. ఎందుకు దిగావమ్మా అని అడిగాను. "అక్క దిగమంది. నా చోట తను కూర్చుంటానంది. నన్ను ఆడుకోమంది," అన్నావు. ఏ అక్క అంటే చుట్టూ చూసి, "నీతో వచ్చిందిగా," అన్నావు.

ఇక్కడ ఏ పిల్లయినా పోయిందా అని ఆమెని అడిగాను. ఆమె బర్రెల వైపు తిరిగి, మెల్లగా తాతయ్యతో అంది:

"సారూ, గా ఎనక తలుపు జెరసేపు తెరిచి వెట్టుండ్రి. జల్ది చేయకుండ్రి. కుక్క ఎక్కినంకనే మీరు ఎక్కుండ్రి."

ఇలాంటివి చెప్పినవాళ్ళని తాతయ్య మామూలుగా అయితే ఆట పట్టిస్తారు. ఆ రోజు నేరుగా వెళ్ళి తలుపు తెరిచారు. జున్ను కాస్త దూరంలో నిలబడి లోపలికే చూసింది. దాని వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కాసేపటికి దాని చూపు సీటు మీద నుంచి జరిగి, నేల మీదుగా మెల్లగా కట్ట ఎక్కి, నీళ్ళ దాకా వెళ్ళి ఆగింది. ఆ తర్వాత వెంట్రుకలు అణిగాయి. తనంతట తనే కారెక్కి కూర్చుంది. మేము ఎక్కాం. పేర్లు పిలవలేదు. ఆ టవలు అక్కడే వదిలేశాం. ఇంటికి వచ్చేదాకా నువ్వు నా ఒళ్ళోనే ఉన్నావు.

మీ తాతయ్య సంగతి తెలుసుగా. ఫ్యాక్టరీలో ఏదైనా జరిగితే కారణం దొరికేదాకా నిద్రపోయే మనిషి కాదు. కొన్నాళ్ళకి పట్టపగలు నన్ను తీసుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళారు. నిన్ను మీ అమ్మ దగ్గర దింపేసి వచ్చాకే లే. కారు అదే చోట పెట్టి, అద్దాలెక్కించి తను లోపల కూర్చున్నారు. నన్ను కట్ట అవతల, నువ్వు దొరికిన చోట నిలబెట్టి, "ఉన్నా" అని అరవమన్నారు. గట్టిగా అరిచాను. ఆయనకి ఏమీ వినపడలేదు. అద్దాలు దించితే లీలగా వినపడిందట. కానీ ఆ సాయంత్రం అద్దాలు మూసి ఉన్నాయి. పైగా మేము విన్నది దూరం నుంచి వచ్చిన గొంతు కాదు. మా వీపు వెనక నుంచి వచ్చింది.

అలవాటు కొద్దీ మనసే వినిపించి ఉంటుందని ఆయన ఒకసారి అన్నారు. ఇద్దరికీ ఒకేసారా అని నేను అడిగాను. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు. కారెక్కేటప్పుడు పేర్లు పిలవడం మానేశారు. వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చేత్తో తాకి చూసుకుంటారు. ఇప్పటికీ అంతే. జున్ను ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. బీచ్‌కి వచ్చింది, కొండలెక్కింది. చెరువు వైపు మాత్రం మేము తీసుకెళ్ళలేదు.

మీరు రండి. కుక్కపిల్లనీ తీసుకురండి. సూర్యలంక వెళ్దాం, అనంతగిరి వెళ్దాం. ఆ చెరువుకి మాత్రం నన్ను అడగొద్దు.

నేను ఇప్పటికీ తేల్చుకోలేనిది ఒకటే. ఆ గొంతు వేరేలా ఉండుంటే నేను అప్పుడే వెనక్కి తిరిగి చూసేదాన్ని. వేరేలా లేదు. నీ గొంతే హారికా, ఆ తాతై అనే పలుకుతో సహా. రోజూ నీకు అన్నం కలిపి పెట్టినదాన్ని, నాకు తెలియదా? తెలుసు కాబట్టే తిరిగి చూడలేదు.

మీరు ఫోన్ చేసినప్పుడల్లా వీడియో పెట్టమని సతాయిస్తానని, అమ్మమ్మకి చాదస్తమని మీరిద్దరూ నవ్వుకుంటారు. నవ్వుకోండి నాన్నా. కానీ మొహం చూపించండి. గొంతు ఒక్కటే వింటే నాకు చాలదు.