నా చేతికి అంటని సొన

దయ్యాలు, భూతాలు అంటే నాకు నవ్వు. నూజివీడు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. హాస్టల్లో ఏదో కనిపించిందని పిల్లలు గోల చేస్తే, కాంతి ఎలా వంగుతుందో బోర్డు మీద బొమ్మ గీసి మరీ వాళ్ళ నోరు మూయించిన మనిషిని. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయని నేను అనడం లేదు. పోయిన వేసవిలో మా తోటలో జరిగినదాన్ని ఏ లెక్కలో వేయాలో తెలియక రాస్తున్నాను, అంతే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నం నేను గంజాయి తాగి ఉన్నాను. జీవితంలో మొదటిసారి. ఇది చదవగానే మీలో సగంమంది, మత్తులో ఏదో ఊహించుకుని ఉంటాడులే అని పేజీ తిప్పేస్తారు. నేనైనా అదే పని చేసేవాణ్ణి. కానీ చూసింది నేను కాదు. చూసినవాళ్ళెవరూ ఏమీ తాగలేదు.

మా తోట నూజివీడు దాటాక విస్సన్నపేట రోడ్డులో ఉంది. ఎక్కువ చిన్న రసాలు, కొద్దిగా బంగినపల్లి. చుట్టుపక్కల చాలామంది చెట్టు పూత మీద ఉండగానే వ్యాపారులకు గుత్తకు ఇచ్చేసి ఫ్యాను కింద కూర్చుంటారు. మా నాన్న ఇవ్వడు. వాళ్ళు ముదరని కాయ కోసి మందేసి పండిస్తారని, తోట పేరు పోతుందని ఆయన బాధ. డెబ్బై దాటిన మనిషి మే నెల ఎండలో కూలీలతో పాటు చెట్ల మధ్య తిరుగుతాడు. దాని మీద మా ఇద్దరికీ ప్రతి వేసవీ గొడవే. నాకైతే గుత్త కూడా కాదు, తోట మొత్తం అమ్మేసి టౌన్లో ఇంకేదైనా చూసుకోవాలని ఉండేది.

ఆ రోజు పొద్దున కూడా అదే గొడవ. కూలీల ముందు, మా బావమరిది ముందు నాన్న నా మీద ఎగిరాడు. "కాయ ముట్టుకుంటే బొబ్బలెక్కే వాడివి, నువ్వా నాకు తోట గురించి చెప్పేది?" అన్నాడు. కూలీలు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. నలభై దాటిన మనిషిని, చిన్నపిల్లాడిలా మూతి ముడుచుకుని కావలి పాకలోకి వెళ్ళి మంచమెక్కాను.

బావమరిది పేరు సతీష్ అనుకుందాం. మా ఆవిడ తమ్ముడు. హైదరాబాదులో ఉద్యోగం, మామిడిపళ్ళ కోసమని వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూలీలంతా తలో చెట్టు కింద నడుం వాల్చారు. సతీష్ పాకలోకి వచ్చి నా మొహం చూసి, జేబులోంచి చేత్తో చుట్టిన సిగరెట్టు ఒకటి తీశాడు.

"ఒక్క దమ్ము కొట్టు బావా. మావయ్య గారి మీద కోపం మొత్తం దిగిపోద్ది" అన్నాడు.

అదేమిటో వెంటనే అర్థమైంది. మా కాలేజీలో ప్రార్థన అయ్యాక, మత్తు పదార్థాల జోలికి వెళ్ళబోమని పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించేది నేనే. మైకు పట్టుకుని ఒక్కో ముక్కా నేను చెబితే వాళ్ళు చెయ్యి చాచి తిరిగి చెబుతారు. అదే నోట్లో దాన్ని పెట్టుకున్నాను. సతీష్ బలవంతం చేయలేదు, రెండోసారి అడగను కూడా లేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా.

మొదట దగ్గు తప్ప ఏమీ రాలేదు. గొంతు మండింది. ఈమాత్రం దానికేనా ఇంత హడావిడి అని వెక్కిరించాను కూడా. ఇంకో రెండు దమ్ములు లాగాక నోరు పూర్తిగా ఎండిపోయింది. తాటాకుల సందుల్లోంచి పడుతున్న ఎండ చుక్కలు మెల్లగా జరుగుతున్నట్టు అనిపించింది. కాళ్ళూ చేతులూ బరువెక్కి మంచానికి అతుక్కుపోయాయి. లేవాలని అనుకునేవాణ్ణి, ఆ అనుకున్నది కాళ్ళదాకా వెళ్ళేది కాదు. తర్వాత ఊరికే నవ్వు వచ్చింది. నాకు గుర్తున్నది అంతవరకే.

ఎంతసేపటికో బయట ఆడవాళ్ళ కేకలు వినపడ్డాయి. సతీష్ వెళ్ళి చూసి పరిగెత్తుకొచ్చాడు. "బావా లే, మావయ్య గారు పడిపోయారంట, మోటారు షెడ్డు దగ్గరున్నారు" అన్నాడు. నా రెక్క పట్టి లేపి, కుండలో నీళ్ళు మొహాన కొట్టి నడిపించాడు. మోటారు షెడ్డు తోటకి అవతలి చివర ఉంది. అక్కడిదాకా ఎలా నడిచానో తెలియదు. మధ్యలో ఒక చెట్టుకి గుద్దుకున్నాను.

నాన్న షెడ్డు నీడలో గోనె పట్టా మీద పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా తడి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కూలీల మేస్త్రి నాంచారమ్మ పక్కన కూర్చుని కొంగుతో విసురుతోంది. నన్ను చూడగానే తలెత్తి, "ఆటో దొరికిందా అండీ, అబ్బాయి గారూ?" అంది.

ఏ ఆటో? నాకు ముక్క అర్థం కాలేదు. కాలేదని అంటే నా వాలకం బయటపడిపోతుందని భయం. "వస్తోంది" అన్నాను. ఆ అబద్ధమే ఇప్పటికీ నడుస్తోంది.

సతీష్ రోడ్డు మీదకు పరిగెత్తి, అటుగా పోతున్న ఆటోని ఆపి తెచ్చాడు. నాన్నని నూజివీడులో ఆస్పత్రికి చేర్చాం. దారంతా ఆయన తల సతీష్ ఒళ్ళో ఉంది. నా నోటి వాసన ఆయనకు తెలుస్తుందేమోనని నేను డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. కన్నతండ్రి ప్రాణం మీదకు వస్తే నేను ఆలోచించింది వాసన గురించి.

వడదెబ్బ అన్నారు. సెలైన్లు పెట్టారు. కాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, "వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్ళు పోశారు చూడండి, అది కాపాడింది. ఇంకాస్త ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదు" అని నా భుజం తట్టాడు. నేను తలూపాను. నీళ్ళు పోసింది నాంచారమ్మే అనుకున్నాను.

సాయంత్రం కూలీలు ఆస్పత్రికి వచ్చారు. వరండాలో నాంచారమ్మ మా బంధువులకు జరిగింది చెబుతుంటే అప్పుడు విన్నాను.

అందరూ కునుకు తీస్తుంటే నాన్న ఒక్కడే కాయల దగ్గరికి వెళ్ళాడు. రసాలను తొడిమతో కోసి, తర్వాత ఆ తొడిమ విరిచి, ముచ్చిక కిందికి ఉండేలా గోనెల మీద బోర్లిస్తాం. అందులోంచి కారే జిగురే సొన. అది కాయ మీద పడితే మచ్చ, బట్ట మీద పడితే వదలని మరక, ఒంటి మీద పడితే పుండు. నాన్న ఆ కాయల మీదే బోర్లా కూలిపోయాడు. రెండు వరసల అవతలినుంచి నాంచారమ్మ చూసింది. ఆమె లేచి వచ్చేలోపే నేను వచ్చేశానట. నాన్నని రెండు చేతుల మీద ఎత్తుకుని షెడ్డుదాకా మోసుకెళ్ళానట. మోటారు వేసి పైపుతో నీళ్ళు పోశానట. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని చెవి దగ్గర ఏదో చెబుతూనే ఉన్నానట. కూలీలను కేకేసి లేపి ఆమె షెడ్డు దగ్గరికి రాగానే, నాన్న దగ్గర ఉండు నాంచారమ్మా, ఆటో చూసి వస్తాను అని రోడ్డు వైపు వెళ్ళానట.

"కొడుకంటే అట్టా ఉండాలండీ" అంది మా పెద్దమ్మతో. తర్వాత నా దగ్గరికి వచ్చి సంచిలోంచి చిన్న సీసా తీసింది. "పెద్దాయన ఒంటి నిండా సొనేనండీ. మీకసలే పడదాయె. ఎత్తుకున్నారుగా, మెడా చేతులూ బొబ్బలెక్కుతాయి. ఈ కొబ్బరినూనె రాసుకోండి" అంది.

నా చేతులు చూసుకున్నాను. ఒక్క మరక లేదు. మెడ తడుముకున్నాను, జిగురు లేదు. చొక్కా మంచం మీద నలిగింది తప్ప, ఎక్కడా సొన మరక లేదు. ఆటోలో నాన్నని పట్టుకున్నందుకు సతీష్ చొక్కా ముందంతా మరకలే. సొన ఒక్క చుక్క తగిలితే వారం రోజులు నీళ్ళ బొబ్బలతో బాధపడే ఒళ్ళు నాది. అంతమంది నా వైపు మెచ్చుకోలుగా చూస్తుండగా, ఏమీ అంటని చేతులకు, ఏమీ అంటని మెడకు ఆ నూనె రాసుకున్నాను. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

మత్తులో నేనే వెళ్ళి వచ్చి మరిచిపోయానేమో అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, అనిపించాలని కోరుకున్నాను కూడా. కానీ నాకు నడుములో డిస్కు సమస్య. గ్యాస్ సిలిండర్ జరపాలంటే మా ఆవిడ వాచ్‌మన్‌ని పిలుస్తుంది. నాన్న నాకంటే భారీ మనిషి. పోనీ దారిన పోయేవాడెవడో దేవుడిలా వచ్చి సాయం చేశాడనుకుందాం. వాడికి నాంచారమ్మ పేరెలా తెలుస్తుంది? నన్ను నా పెళ్ళికి ముందునుంచీ ఎరిగిన మనిషి ఆమె, పట్టపగలు ఎదురుగా నిలబడి మాట్లాడింది.

సతీష్‌ని పక్కకు తీసుకెళ్ళి అడిగాను. "నువ్వు మంచం దిగితే ఒట్టు బావా" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. నేను మత్తులో ఉండగా, తర్వాత ఆటపట్టించొచ్చని వీడియో తీశాడట.

అందులో నేను మంచం మీద వెల్లకిలా పడి నవ్వుతున్నాను. పక్కన నా ఫోన్ మోగుతుంది. ఎత్తి చూస్తాను. సతీష్ కెమెరా దాని మీదకి తిప్పాడు, తెర మీద నాన్న పేరు కనపడుతోంది. నేను ఆ పేరు చూసి ఇంకా గట్టిగా నవ్వి, ఫోన్ బోర్లా పెట్టేస్తాను. అది మోగి మోగి ఆగిపోతుంది. తర్వాత నా నవ్వు ఉన్నట్టుండి ఆగింది. తల తిప్పి పాక గుమ్మం వైపు చూస్తూ, "ఎవరు బయటికెళ్ళింది?" అంటాను. ఎవరూ లేరు బావా, మనిద్దరమే అని సతీష్ గొంతు. "కాదు, ఇప్పుడు లేచి వెళ్ళాడు" అంటాను. ఆ తర్వాత కూడా వీడియో చాలాసేపు సాగింది. నేను పైకప్పు చూస్తూ అలాగే పడి ఉన్నాను. నేను అన్న ఆ మాటలు నాకు గుర్తు లేవు.

నా ఫోన్లో నాన్న చేసిన కాల్ ఉంది. కళ్ళు తిరుగుతుంటే చేశాడన్నమాట. నాంచారమ్మ ఆయన్ని ఎత్తుకున్న నన్ను చూసింది ఆ వెంటనే. ఆ సమయంలో నేను వీడియోలో ఉన్నాను.

దాన్ని అక్కడికక్కడే సతీష్ ఫోన్లోంచి చెరిపేశాను. నా దగ్గరున్న ఒకే ఒక్క ఆధారం అది. ఆ గుమ్మం వైపు చూపుకి భయపడి చెరపలేదు. నాన్న పేరు చూసి నవ్విన నా మొహాన్ని ఇంకోసారి చూడలేక చెరిపేశాను.

మర్నాడు నాన్నకు తెలివి బాగా వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "ఫోన్ ఎత్తలేదేంట్రా అనుకునేలోపే వచ్చేశావు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. ఆయన నా చెయ్యి పట్టుకోవడం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో మా ఆవిడ పాలు తెచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా ప్రయత్నించాను. చెబితే గంజాయి సంగతితో పోదు. అంత కష్టంలో తన కొడుకు తన దగ్గర ఉన్నాడన్న నమ్మకం ఆయనకు ఒకటి దొరికింది, దాన్ని కూడా లాగేసుకున్నట్టవుతుంది. అలా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నానేమో కూడా. బయటపడతానన్న భయం కూడా తక్కువేం కాదు.

సతీష్ మళ్ళీ ఆ వస్తువు ముట్టుకోలేదంటాడు. నేనూ ముట్టుకోలేదు. కాలేజీలో ప్రతిజ్ఞ చేయించే పని ఇంకో లెక్చరర్‌కి అప్పజెప్పాను, గొంతు బాగోలేదని చెప్పి.

నాన్న మాత్రం చాలా మారాడు. నా మీద అరవడం లేదు. మధ్యాహ్నాలు తోటకి వెళ్ళవద్దంటే మానేస్తున్నాడు. ఈ మధ్య తోట కొంటానని మైలవరం నుంచి ఒకాయన మంచి బేరంతో వచ్చాడు. ఎప్పుడో కోరుకున్న బేరం. నాన్న నా మొహం చూశాడు. అమ్మడం లేదండీ అని నేనే పంపేశాను. ఆ మైలవరం ఆయన తోటను దాటేవరకు నాన్న నన్నే చూస్తూ ఉండి, తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు షెడ్డు దగ్గర నన్ను ఒళ్ళో పెట్టుకుని మాటిచ్చావే, సోయి లేని ముసలాణ్ణి ఊరుకోబెట్టడానికి అన్నావనుకున్నాన్రా. దాని మీదే ఉంటావుగా?"

ఆ మధ్యాహ్నం మా నాన్నని ఎత్తుకున్నది ఎవరో, ఆయన చెవిలో ఏం చెప్పాడో నాకు తెలియదు. ఏం మాట అని అడిగితే, అది నేను కాదని ఆయనకు తెలిసిపోతుంది. అందుకే ప్రతి ఆదివారం తోటకి వెళుతున్నాను, ఎదురు చెప్పడం మానేశాను, ఆయన ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నా ఎత్తుతున్నాను. ఏది చేయకపోతే మాట తప్పినట్టవుతుందో తెలియక, తోచినవన్నీ చేస్తున్నాను.

"ఉంటాను నాన్నా" అన్నాను.