కైరెల్ బూన్ పెట్టిన రెండో షరతు

మా పిట్స్‌బర్గ్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆటగాళ్ల బట్టలు ఉతికేది నేను. వాళ్ల చీలమండలకు పట్టీలు చుట్టేది ఆర్విల్ టిబ్స్. జట్టుకు ప్రాణం కైరెల్ బూన్. ఆర్విల్ తప్ప ఇంకెవరు కాలు ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు.

ఆ చలికాలం కైరెల్‌కి మా జట్టు మీద మనసు విరిగింది. గెలిచేవాళ్ల దగ్గరికి, మయామీ జట్టుకి పంపమన్నాడు, పంపకపోతే నడుం నొప్పని ఇంట్లో కూర్చుంటానన్నాడు. ఒప్పందం ఇంకా రెండేళ్లుంది. ఉంటే ఏం? వాడు ఆడకపోతే టిక్కెట్టు కొనే నాథుడెవడు? అంతటి యజమానుల మెడలు ఇట్టే వంచాడు. పైగా ఇంకో షరతు, ఆర్విల్ తనతో రావాలని.

దానికీ సరేనన్నారు. ఆర్విల్‌కి మాత్రం ఒక్కరూ చెప్పలేదు, టీవీలో చూసి నేనే చెప్పాను. అందరూ భుజం తట్టి అదృష్టవంతుడివన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన తమ్ముడు క్లైడ్‌కి మతిమరుపు జబ్బు, అలాంటివాళ్లని చూసుకునే హోంలో ఉంటాడు. ఆదివారం అన్న వెళ్తేనే గడ్డం గీయించుకుంటాడు. అన్న పేరు ఎప్పుడో మరిచిపోయాడు గానీ ఆ చేతుల్ని గుర్తుపడతాడు.

మర్నాడు పట్టీ చుడుతూ ఆర్విల్ తాను రానన్నాడు. నేను తువ్వాళ్లు మడతపెడుతూ అక్కడే ఉన్నాను.

"తమ్ముణ్ణీ తీసుకెళ్దాం బాబాయ్. నేనడిగితే కాదనరు," అన్నాడు కైరెల్.

"నువ్వడిగితే కాదనరు నాన్నా. వాడికి బాత్రూం ఎటుందో తెలియడానికే రెండేళ్లు పట్టింది. మళ్లీ మొదట్నుంచి నేర్పమంటావా?"

కైరెల్ చెడ్డవాడు కాదు పాపం. వాడి ప్రేమ కూడా హుకుంలాగే వస్తుంది. చివరికి ఒక్కడే వెళ్లాడు.

వాడికి బదులుగా మయామీ నుంచి రావాల్సిన పేరున్న ఆటగాడు మాత్రం తక్కువ తిన్నాడా? తన పట్టీలు చుట్టే మనిషి వెంట ఉంటేనే వస్తానన్నాడు. పట్టీలు చుట్టే ఉద్యోగం ఉన్నది ఒక్కటే, ఆర్విల్‌ని పొమ్మన్నారు. నేను ఆఫీసుకెళ్లి నాలుగూ దులిపేసి వచ్చాను. ఉతికేదాని మాట ఎవరు వింటారు?

చివరి రోజు ఆర్విల్ తన బల్ల, కత్తెర ఆ కొత్తాయనకి అప్పగించాడు. ఆయన పేరు ఒస్వాల్డో పెరేడెస్. ఈయన మీద ఆర్విల్ మండిపడతాడనుకున్నాను, నిజం చెప్పాలంటే పడాలనే కోరుకున్నాను.

"రమ్మనేముందు నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు ఆర్విల్.

ఒస్వాల్డో తల అడ్డంగా ఊపాడు. "మా ఆవిడ రానంది. పిల్లలూ అక్కడే ఉండిపోయారు."

ఆర్విల్ కోటు విప్పి ఆయన పక్కన కూర్చున్నాడు. పిల్లల పేర్లేమిటని అడిగాడు.