బాపు చేపకు వెల్లుల్లి

చేప అంటేనే ముఖం తిప్పుకునే శాకాహారపు ఇల్లు మాది. అట్లాంటి ఇంటి ముందుగదిలోకి మా బాపు ఒక చేపను తెచ్చి పెట్టాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు స్థలాలు కొంటున్నారని మా మొయినాబాద్‌లో గల్లీకొక ప్లాట్ల ఆఫీసు తెరిచిన రోజులవి. ప్రతి ఆఫీసులోనూ ఒక గాజు తొట్టి, అందులో ఒంటరిగా ఫ్లవర్‌హార్న్ చేప, నుదుటి మీద నిమ్మకాయంత ఎర్రటి బుడిపెతో. అది ఉంటే కలిసొస్తుందట. చేవెళ్లలో కిరాణా దుకాణం నడిపే బాపుకు ప్లాట్లతో పనేమీ లేదు. ఊరికే మోజు పడ్డాడు. పట్నం నుంచి ప్లాస్టిక్ సంచిలో, బస్సులో, ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

వచ్చిన కొత్తలో అది తిండి ముట్టలేదు. వెల్లుల్లి రసంలో చేపల మేత గింజలు నానబెట్టి వేయమని అమ్మినతను చెప్పాడట. ఆ వాసనకు చేప దగ్గరికొస్తుంది, ఒంట్లో పురుగు కూడా చేరదు అని. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి దుకాణం నుంచి రాగానే బాపు చేసే మొదటి పని అదే. రెండు రెబ్బలు నలిపి, రసం పిండి, గింజలు పది నిమిషాలు నాననిచ్చి, కుర్చీ తొట్టి పక్కకు జరుపుకుని ఒక్కొక్కటే వేసేవాడు. నేను మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. నాకు ఆ చేప కంటే ఆ వాసనే ఎక్కువ చిరాకు.

బాపు ఒక పొద్దున దుకాణంలోనే కుప్పకూలి చనిపోయాడు. మూడో రోజు మా చెలక పొలం గట్టు మీద పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. బజ్జీలు పెట్టాం, చాయ్ పెట్టాం. కాకి వచ్చింది, విస్తరి చుట్టూ తిరిగింది, ముట్టలేదు. "బిడ్డ పెండ్లి మంచిగ చేస్తం, నువ్వు ఫికర్ చెయ్యకు" అని మా పెద్దమ్మ నా తరఫున మాట ఇచ్చేసింది. కాకికి నా పెళ్లి అక్కర్లేదు. చివరికి అమ్మ ముందుకొచ్చి కొంగు చాచింది.

"నీ చేపను నేను సూస్కుంట. ఒక్కపూట గూడ పస్తు ఉంచ."

ఆ మాట పూర్తి కాకముందే కాకి బజ్జీ ముక్క ఎత్తుకుపోయింది. అలాంటివి నమ్మని నేను కూడా చేతులు జోడించాను.

ఆ సాయంత్రం అమ్మ గింజలు వేస్తే చేప ముట్టలేదు. ఎందుకో అమ్మకు తెలుసు, నాకు తెలుసు. కానీ మైల తీరేదాకా మా ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి గడప తొక్కవు. "చేపకైతేంది, మనిషికైతేంది? ఇంట్ల ఎల్లిగడ్డ నలిపితే పోయినోనికి తొవ్వ మూసుకుంటది" అంది పెద్దమ్మ. పోయినవాడికిచ్చిన మాట ఒకవైపు, పోయినవాడి కోసం పెట్టుకున్న నియమం ఒకవైపు. మధ్యలో అమ్మ ఇరుక్కుపోయింది. చేప తినేదాకా తనూ తిననంది. చాయ్ నీళ్లతోనే ఉంది.

నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి అంతా చూశాను. పొద్దంతా ఆ చేప ఖాళీ కుర్చీకి ఎదురుగా కదలకుండా ఉండేది. సరిగ్గా ఆరింటికి వాకిలి వైపు తిరిగేది. ఆరో రోజు సాయంత్రం తిరిగి ఊరుకోలేదు, పైకి లేచింది. నోరు తెరిచింది. ఎవరూ ఏమీ వేయలేదు. ఖాళీ నీళ్లలో ఏదో అందుకుని నమిలినట్టు దవడలు ఆడించింది. ఒకసారి కాదు, ఒక్కొక్క గింజకు ఆగినట్టు ఆగి ఆగి చాలాసేపు.

"సూసినవా? బాపు ఏస్తున్నడు" అంది అమ్మ మెల్లగా. "కని ఆయన చేతిల ఏం లేదు బిడ్డ."

నాకు ఆ గదిలో నిలబడాలంటే భయం వేసింది.

ఎనిమిదో రోజు పొద్దున అమ్మ లేవబోయి గోడ పట్టుకుని అలాగే కూలబడింది. దవాఖానకు పోదామంటే చెయ్యి విదిలించింది. ఇక నాకు కోపం ఆగలేదు. ఉన్న ఒక్క అమ్మను చేపకు బలిపెట్టలేను. మధ్యాహ్నం చేపగింజలు కొంగున కట్టుకుని చేవెళ్ల వెళ్లి దుకాణం షటర్ ఎత్తాను. లోపల పప్పులూ పసుపూ కలిసిన పాత వాసన. బాపు చొక్కాకుండే వాసన అదే. వెల్లుల్లి బస్తాలోంచి ఒక గడ్డ తీసి, తూకం కిలో బాటుతో నలిపాను. ఇంట్లో నలపొద్దన్నారు గానీ దుకాణంలో వద్దనలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గింజలు నానబెట్టి, కాగితంలో చుట్టి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని బయల్దేరాను.

ఆరింటికి అమ్మ చాప మీద పడుకుని చూస్తుండగా తొట్టి దగ్గర నిలబడి గింజలు వేశాను. చేప నావైపు రాలేదు. కుర్చీ వైపు గాజుకు ఆనుకుని ఉండి, గింజలు అక్కడిదాకా తేలి వచ్చాక ఒక్కొక్కటే అందుకుంది. అన్నీ తిన్నది.

అమ్మ ఏడ్చింది. లేచి కూర్చుని బువ్వ పెట్టమంది. పెరుగన్నం కలిపి నా చేత్తోనే తినిపించాను. రెండో ముద్దకు ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకుని వేళ్లు ముక్కు దగ్గరికి లాక్కుంది. మూడుసార్లు కడిగినా వెల్లుల్లి వాసన పోలేదు. భయపడ్డాను. తిడుతుందని కాదు, ఇక ఎప్పటికీ తినదేమోనని.

అమ్మ కుర్చీ వైపు చూసింది. వంటింట్లో ఉన్న పెద్దమ్మ వైపు చూసింది. తర్వాత నోరు తెరిచి ఆ ముద్ద తిన్నది.

"రేపు గూడ బాపును ఆరింటికే రమ్మను" అంది.