మా ఊరి పేరు మార్చిన అమ్మ

నా అక్షరాలు వంకర. ఒత్తులు పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో నేర్చింది కొంచెం, అదీ గొర్రెల వెంట తిరిగి సగం మరిచిపోయాను. చదివేవాళ్లు ఓర్చుకోవాలి. మేం అడిగే అమ్మ అని పిలిచే ఆమె హైదరాబాదులో చనిపోయిందని పోయిన నెల కార్డు వచ్చింది. నేను నమ్మలేదు. పట్నం నుంచి వచ్చిన మాటను వెంటనే నమ్మే అలవాటు మా గొల్లవాడలో లేదు. బస్సెక్కి పోయి, ఆమె ఫొటోకు వేసిన దండ చూశాను. అప్పుడు నమ్మాను.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఆమె జ్ఞాపకంగా ఒక పుస్తకం వేస్తున్నారట. నన్నూ రాయమన్నారు. నన్నెందుకు అడిగారో అని కొన్నాళ్లు ఊరుకున్నాను. తర్వాత నాకూ ఒక అవసరం ఉందని తోచి రాస్తున్నాను.

అడిగే అమ్మ అనే పేరు మా ఆడవాళ్లు పెట్టింది. ఆమె పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పేది. రోగం ఎవరికి ఎక్కువ వస్తుంది, మందు ఎవరికి అందదు, ఎందుకు అందదు అని ఊళ్లు తిరిగి తెలుసుకోవడం ఆమె పని. అట్లాంటి చదువు ఒకటి ఉంటుందని మాకు తెలియదు. అంతకుముందు మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగింది పోలీసు క్యాంపు వాళ్లే. అందుకని ఆమె కండ్లద్దాలతో, సంచీతో మొదటిసారి వచ్చినప్పుడు మగవాళ్లం మందలు తోలుకుని గుట్టకు పోయాం. ఆడవాళ్లు మాకు ఏ రోగమూ లేదు, పిల్లలందరూ చల్లగా ఉన్నారని చెప్పారు. ఆమె అంతా విని, "చెప్పకున్నా మంచిదే అక్కా. అబద్ధాలు మాత్రం జర తక్కువ చెప్పుండ్రి, రాసీ రాసీ చెయ్యి గుంజుతాంది" అన్నదట. ఆడవాళ్లు నవ్వారట. నవ్వినందుకు ఇండ్లల్లో మేం కోప్పడ్డాం.

అయినా ఆమె రావడం మానలేదు. చెప్పులు గడప బయట విడిచేది. జొన్న అంబలి ఇస్తే తాగి, చెంబు తానే కడిగేది. ఇదీ ఏదో ఎత్తే అనుకునేవాణ్ణి.

ఒకరోజు మంద దగ్గరికే వచ్చింది. చచ్చిన గొర్రెపిల్ల సంగతి అడిగితే, తడిసిన గడ్డి మేసి కడుపుబ్బిందని చెప్పాను.

"మరి నీ పెద్ద కొడుకు ఎట్ల పోయిండు?" అన్నది.

"దేవుడు తీసుకపోయిండు."

"గొర్రెపిల్లకు కారణం చెప్తివి. కొడుకుకు దేవుని మీద పెడ్తివేందన్నా?"

"గొర్రెను చూడనీకి పసువుల డాక్టరు మంద కాడికి వచ్చిండు, చెప్పిండు. నా కొడుకును చూడనీకి ఎవడొచ్చిండు?"

ఆమె తల వంచుకుంది. ఆ మాట రాసుకోలేదు.

ఆ వానాకాలమే నా చిన్న బిడ్డకు జ్వరం వచ్చి కండ్లు తేలేసింది. సడక్ పక్కన ఉన్న దవాఖానకు ఎత్తుకుపోయాం. అక్కడ గొంగడి కప్పుకున్నవాళ్లు అరుగు ఎక్కకూడదు. గొర్ల వాసన వస్తుందని కంపౌండరు గోడ వారన కూర్చోబెట్టేవాడు. చూస్తే అడిగే అమ్మ ఆ గోడ వారనే ఉంది, తలమీద కొంగు కప్పుకుని. ఎవరిని ముందు పిలుస్తున్నారో చూస్తోంది. పటేల్ జీతగాడు వచ్చి, పటేల్ దగ్గుకు మందు పోయించుకుని పోయాడు. బియ్యం దుకాణం ఆయన వచ్చాడు, పోయాడు. మేం కూర్చునే ఉన్నాం. కంపౌండరు మీద రావలసిన కోపం నాకు ఆమె మీద వచ్చింది.

"నా బిడ్డ పోతాంటే నీకు తమాషానా? సచ్చినంక ఎందుకు సచ్చిందని అడగనీకి కూసున్నవా?"

ఆమె ముఖం చిన్నబోయింది. లేచి, పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని అరుగు ఎక్కింది.

"ఏయ్, ఎవరమ్మ నువ్వు?" అన్నాడు కంపౌండరు.

"పిల్ల మేనత్తను."

"గొల్లోళ్లకు కండ్లద్దాల ఆడబిడ్డ యాడికెల్లి వచ్చె?"

పరాయి వాళ్లతో ఎన్నడూ నోరెత్తని నా భార్య వెనక నుంచి, "మా ఆడబిడ్డే సారూ, పట్నంల ఉంటది" అన్నది. ఆ గొడవకు డాక్టరు బయటికి వచ్చాడు. సూది వేశాడు. బిడ్డ బతికింది.

ఆమె ఎవరో దవాఖాన వాళ్లకు తెలిసిపోయింది. ఇక ఆమె అక్కడున్నంతసేపు కంపౌండరు అందరినీ అన్నా, అక్కా అని పిలిచేవాడు. "నేనుంటే గిట్ల, లేకుంటే గట్ల. ఈడ నా పని చెడిందన్నా" అని నవ్వింది. ఆమె బస్సెక్కిన మర్నాడే, "మీ ఆడబిడ్డ రాలేదా?" అని కంపౌండరు మమ్మల్ని మళ్లీ గోడ వారకు పంపాడు.

"నువ్వు పోతవు, మేమీడనే ఉంటం" అని ఆమె మళ్లీ వచ్చినప్పుడు అన్నాను.

"నిజమే. అందుకే పుస్తకం రాస్తున్న" అన్నది.

కొన్నేండ్లకు పుస్తకం వచ్చింది, ఇంగ్లీషులో. ఇంటికి తెచ్చి చూపించింది. మా ఊరి పేరేదని అడిగాను.

"పేరు మార్చిన అన్నా. పూలపల్లి అని పెట్టిన. మీ మీద ఎవరు కక్ష కట్టొద్దని."

"మా ఊళ్ల పువ్వులెక్కడియమ్మా, తుమ్మముండ్లు తప్ప? మరి సర్కారోళ్లు సదివి దవాఖాన పంపితే, అది పూలపల్లికి పోతది గదా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఎవరన్న అడిగితే నేను చెప్త. నేనున్న గదా" అన్నది.

ఎవరైనా అడిగారో లేదో తెలియదు. ఆమెను నేను చివరిదాకా పూర్తిగా నమ్మలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఏటా వచ్చింది, మా ఇంటి అరుగు మీద కూర్చుని నా బిడ్డ పేరు పెట్టి పిలిచింది. నా బిడ్డను చేతుల్లోకి తీసుకున్న మనిషిని అనుమానించుకుంటూనే ఇన్నేండ్లు ఎదురుచూశాను.

ఆ బిడ్డ ఇప్పుడు తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. దవాఖానలో మా జాగా ఇంకా గోడ వారనే. చదువుకున్నవాళ్లు ఇది చదువుతారు కనుక చెబుతున్నాను: పూలపల్లి అనే ఊరు లేదు. అది బోడగుట్ట కింద ఉన్న మా గొల్లవాడ. ఈ మాట ఎవరికి చెప్పాలో నాకు తెలియదు, మీకు తెలిసి ఉంటుంది. చెప్పి, వాళ్లేమన్నారో జర తొందరగా నాకు జాబు రాయండి. బిడ్డకు నెలలు నిండాయి. బండిలో గడ్డి పరిచి, నొగలు సడక్ దిక్కు తిప్పి పెట్టాం.