ముద్దాయి మాత్రం కంప్యూటరే

“ఇంటిమనిషిని గుమ్మంలో నిలబెట్టి నువ్వెవరని అడుగుతావా? పొద్దున్నా సాయంత్రం చూసే మొహమేగా, గుర్తుపట్టలేవూ?”

అత్తయ్య నిలదీస్తోంది. నిలదీసేది కంప్యూటర్ని. పాస్‌వర్డ్ మర్చిపోయిన తోడికోడలు బిక్కుబిక్కుమంటూ వెనకాల నిలబడి, చీవాట్లు తనకు కాదని తేలాక మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

అత్తయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ కంప్యూటర్ మొరాయించినా తప్పు కంప్యూటర్‌దే. మనిషిది తప్పంటే ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. అందుకే చుట్టాలంతా ఆవిడకి ప్లీడరని పేరు పెట్టారు. ఏడాది పొడుగునా ఓ ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. సెలవులొస్తే స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని చుట్టాలిళ్ళ మీద పడుతుంది. పైసా పుచ్చుకోదు. “ఫీజు పుచ్చుకుంటే రెండువైపులా వినాల్సొస్తుంది. నాకంత ఓపిక లేదు,” అంటుంది.

మరిది ఓసారి కీబోర్డు మీద గ్లాసెడు కాఫీ ఒలకబోశాడు. “కాఫీ పడితే కళ్ళు తేలేస్తావా? పక్కనున్న బల్ల మీదా పడింది, అదేమైనా అందా?” అంటూ అత్తయ్య కీబోర్డుని తలకిందులుగా పట్టుకుని దులిపింది. బల్ల మంచితనం గురించి ఆ పూటంతా చెప్పింది. పాపం మరిది, సిగ్గుపడడం మర్చిపోయి నవ్వేశాడు.

ఇలాంటివన్నీ అత్తయ్య గొంతుతో సహా అనుకరించి చూపించే మేనల్లుడి ఇంటికే ఈసారి వ్యాజ్యం వచ్చింది.

మేనల్లుడు బీమా ఆఫీసులో గుమాస్తా. శుభ్రం మనిషి. సెలవు దొరకగానే ఇల్లు దులిపిన ఊపులో నాన్న కంప్యూటర్నీ దులిపాడు. తెర మూలనున్న బుట్ట నిండి ఉంటే ఖాళీ చేసేశాడు. అందులో ఉన్నవి నాన్న రాసుకుంటున్న కుట్టుపాఠాలు. నాన్న దర్జీ. చూపు మందగించి మిషను ఆపేశాక, చేతిలో పని తనతోనే పోకూడదని కొలతలు తియ్యడం దగ్గర్నుంచి కాజాలు కుట్టడం దాకా ఒంటివేలితో టైపు చేస్తున్నాడు.

“చెత్తబుట్టలో ఎవరైనా దాచుకుంటారా నాన్నా?” అని కొడుకు అరిచాడు.

“నాకెందుకులేరా ఇవన్నీ. దాన్ని తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చెయ్యి,” అని నాన్న మేడెక్కి కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా దిగలేదు.

అత్తయ్య వచ్చీరాగానే, భుజాన సంచి దించకుండానే విచారణ మొదలెట్టింది.

“ఎన్నయినా చెప్పత్తా, చెత్తబుట్టలో పెట్టింది ఆయనేగా?”

“అది చెత్తబుట్టని నీకెవరు చెప్పారు?”

“బొమ్మ కనిపిస్తోందిగా!”

“బుట్ట కనిపిస్తోంది. చెత్తేదీ? ఒరేయ్, కొట్లో మీ నాన్న మిషను కింద బుట్టలో ఏముండేవి?”

అతను తడుముకున్నాడు. “గుడ్డముక్కలు.”

“కుట్టాల్సిన గుడ్డలు! చొక్కాల చేతులు, కాలర్లు, జేబులు. పూర్తయినవి కొక్కేనికి, సగంలో ఉన్నవి బుట్టలోకి. అందులో వేలు పెట్టినందుకు స్కేలుతో దెబ్బలు తిన్నావు, మర్చిపోయావా? జన్మంతా అలా బతికిన మనిషి ముందు బుట్ట బొమ్మ పెడితే ఆయన ఏం దాచుకుంటాడు మరి?”

మేనల్లుడి మొహం పాలిపోయింది. అక్కడున్నవన్నీ నాన్న ఇంకా పూర్తిచెయ్యాలనుకున్న పాఠాలన్నమాట. “అయితే తప్పు నాదే,” అని తల వంచుకున్నాడు, పడబోయే అక్షింతల కోసం.

అత్తయ్య అతని వంక చూడనైనా లేదు. గిర్రున కంప్యూటర్ వైపు తిరిగింది.

“ఏమే, లోకం తెలియని కుర్రాడు ఊడ్చెయ్యమంటే ఊడ్చెయ్యడమేనా? కాజాల పాఠం నీ కంటికి చెత్తలా కనిపించిందా?”

నెత్తి పలచబడిన ఆ కుర్రాడు నసిగాడు. “అడిగిందత్తా. నిజంగా తీసెయ్యమంటావా అని అడిగింది. నేనే అవునన్నాను.”

“ఒక్కసారి అడిగి ఊరుకుంటుందా? గడ్డం పుచ్చుకుని బతిమాలొద్దూ? నువ్వు మధ్యలో దూరి దాన్ని వెనకేసుకు రాకు!”

పొద్దుటినుంచి మొదటిసారి అతనికి నవ్వొచ్చింది.

నోరు తిడుతూనే ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చెరిపేసినవాటిని వెతికి పట్టుకునే ప్రోగ్రామేదో నడిపింది. పెట్టిన టీ మీగడ కట్టింది. ఎండ గోడ దిగే వేళకి పాఠాలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పాఠాలైతే వచ్చాయి గానీ వాటి పేర్లు రాలేదు. అన్నిటికీ ఉత్త అంకెలే. మేనల్లుడు ఆత్రంగా ఒకటి తెరిచాడు.

“ఇది జేబత్తా. పేరు పెట్టేస్తున్నా.”

చేతి మీద ఒక్కటిచ్చింది. “తియ్యి చెయ్యి. జేబు ముందో కాలరు ముందో నీకేం తెలుసు?”

“చదివితే తెలుస్తుందిగా. నీకైతే పది నిమిషాల పని.”

“నాకు తెలియదు. తెలుసుకోను కూడా,” అంది అత్తయ్య మొండిగా. తెర మీది అక్షరాలు బాగా పెద్దవి చేసింది. లేచి, కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, దిండు దులిపి వేసింది.

అప్పుడు గానీ మేనల్లుడికి వెలగలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అలా చూస్తావేం? మేడ మీదికెళ్ళి మీ నాన్నని పిలుచుకురా. కంప్యూటర్ తప్పు ఒప్పుకుందని చెప్పు. క్షమాపణ కూడా అడుగుతుందట గానీ, ఆయనొచ్చి ఎదురుగా కూర్చుంటేనేనట.”