బాలానగర్‌లో భూలక్ష్మి చెప్పిన బోనం జవాబు

నానక్‌రామ్‌గూడలో లెక్కలతో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల భూలక్ష్మి. ఆ మాట ఆమె ఏనాడూ చెప్పుకోలేదు. చెప్పే పని తండ్రి ఐలయ్య చూసుకునేవాడు. ఎదురుపడిన వాళ్లకు సరే, పక్కనుంచి పోయే వాళ్లను ఆపి మరీ చెప్పేవాడు. తీరా చూస్తే రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండుచోట్లా ఇంగ్లీషు ఆమె గొంతు దాటి బయటికి రాలేదు. "ఇగ చదువు చాలు, నాట్లకు తోలు" అని ఊళ్లో నవ్వడం మొదలైంది. మూడోది కూడా పోతే బాపు తలెత్తుకుని తిరగలేడని ఆమెకు బెంగ.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు ఎండాకాలంలో బాలానగర్‌లోని ఒక కంప్యూటర్ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే గదినిండా బీరువాలే. ఏసీ కూడా వాటికే గాని మనుషులకు కాదు.

లోపల ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన నరసింహమూర్తి కాకినాడ వైపు మనిషి. ఆమె తడబాటు చూసి, "తెలుగులోనే చెప్పండమ్మా. మిషనుకు తెలుగు రాదు గానీ నాకు వచ్చు" అన్నాడు. "ఒక ఆసుపత్రి వాళ్లకు రోగుల వివరాలు దాచే ప్రోగ్రాం కావాలి. అది ఏమేం చేయాలంటారు?"

పేరు, వయసు, జబ్బు, ఇచ్చిన మందు రాసిపెట్టుకోవాలె, అడిగితే చూపించాలె అంటూ ఆమె గడగడా చెప్పేసింది.

"ఇవన్నీ అది చేయాల్సిన పనులు. ఫంక్షనల్ అంటాం. నాన్ ఫంక్షనల్ కూడా ఉంటాయి. అవేమిటి?"

"పని గానిది ఎందుకు సార్?" అనేసింది భూలక్ష్మి. మిగతా ఇద్దరూ నవ్వారు. ఇక అయిపోయిందనుకుంది.

నరసింహమూర్తి మాత్రం నవ్వలేదు. "పని అయితే చాలా? ఎలా కావాలో చూడొద్దూ?"

ఎలా అనగానే ఆమెకు తల్లి నీలమ్మ గుర్తొచ్చింది, బోనం ఎత్తడం నేర్పిన రోజు గుర్తొచ్చింది.

"సార్, బోనాలకు మేం కుండల అన్నం పెట్టి, మీద దీపం పెట్టి, నెత్తిన ఎత్తుకొని పోచమ్మకాడికి పోతం. అన్నం గుడికి చేరుడు పని. కాని దీపం ఆరొద్దు. ఎంత గుంపుల తోసుకున్నా కుండ జారొద్దు. మా అవ్వ నీలమ్మ ఎత్తినా నేనెత్తినా ఒక్కతీరు ఉండాలె."

"దీపం ఆరితే ఏం? అన్నం చేరుతుంది కదా?"

"చేరుతది సార్. కాని దాన్ని మావోళ్లు బోనం అనరు."

నవ్విన ఇద్దరూ ముందుకు వంగారు. "మరి ఆసుపత్రికి?" అన్నాడాయన.

"రోగి చీటీ దొరుకుడు పని. డాక్టరు అడగంగనే జల్ది దొరకాలె. వేరేటోళ్ల కంట పడొద్దు. కరెంటు పోయొచ్చినా రాసింది పోవద్దు. జల్ది అంటే ఎంతనో వాళ్లనే అడిగి రాసుకుంట. ఎవరి జల్ది వాళ్లకుంటది సార్."

ఇప్పుడామె తడబడడం లేదు. మాట దానంతటదే వస్తోంది.

"ఎంత జాగ్రత్తపడ్డా దారిలో దీపం ఆరిందనుకోండి. అప్పుడు?"

"పక్కన నడిచే ఆమె దీపంతోటి ముట్టించుకుంటం. ఆరింది దాచిపెట్టుకొని మాత్రం గుడికి పోం సార్. ప్రోగ్రామైనా గంతే. తప్పయితే అయిందని చెప్పాలె."

నరసింహమూర్తి పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు తలూపారు. "సోమవారం నుంచి వచ్చేయండమ్మా. మా కుర్రాళ్లు చాలామంది ఆ దాచిపెట్టే దగ్గరే దొరికిపోతుంటారు."

తోడు వచ్చి, గేటు బయట గోడనీడన కూర్చున్న ఐలయ్య, కూతురు కళ్లు తుడుచుకుంటూ రావడం చూసి ఆగమాగంగా లేచాడు. "పోతే పోనీ బిడ్డా, ఫికర్ జెయ్యకు. నేనున్న."

"వచ్చింది బాపూ, నౌకరి వచ్చింది."

ఐలయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషికి, చెప్పాల్సిన మాట తీరా చేతికొచ్చిన రోజున ఎలా చెప్పాలో తోచలేదు. బస్సెక్కాక, కూతురి కోసం సీటు చూడమని కండక్టరుకు సైగ చేశాడు గాని కారణం చెప్పలేకపోయాడు.

అప్పుడు భూలక్ష్మే చెప్పింది, బస్సంతా వినేటట్టు: "ఈయన ఐలయ్య. నానక్‌రామ్‌గూడ. నాకు నౌకరి వచ్చింది. నన్ను చదివిచ్చింది ఈయనే."